బియ్యం ఇచ్చారు, మా ఇల్లూ చూపించారు

ప్రశ్న

నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఒక సోదరి పదకొండు పేజీల ఉత్తరం రాశారు. రూళ్ల కాగితాలు, మధ్యమధ్యలో కొట్టివేతలు, చివరి పేజీలో జమాఖర్చుల లెక్క. మొత్తం అచ్చు వేయడం కుదరదు, వేయకూడదు కూడా. ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చి అసలు సంగతి చెప్తాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. కల్వకుర్తి దగ్గర ఒక ఊళ్లో ఇంట్లోనే మిషన్ కుడతారు. భర్తకు ట్రాలీ ఆటో ఉంది. రెండేళ్ల కిందట చిన్నబాబుకు జ్వరం ముదిరితే హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నారు. పక్క మంచం మీద ఏడాదిన్నర పాప. పాప తల్లి హైదరాబాద్ శివారు బాలాపూర్ నుంచి వచ్చింది. బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబం. ఈమెకు వచ్చీరాని ఉర్దూ, ఆమెకూ వచ్చీరాని ఉర్దూ. ఈమె మందుల లైన్‌లో నిలబడితే ఆమె బాబును చూసుకునేది. ఆమె నమాజు చేసుకుంటుంటే ఈమె పాపను ఎత్తుకునేది. డిశ్చార్జి రోజున ఫోన్ నంబర్లు ఇచ్చుకున్నారు. ఇంటికి వచ్చాక ఈమె పాపకు ఒక గౌను కుట్టి, భర్త ఆటో హైదరాబాద్ పోయినప్పుడు ఇచ్చిరమ్మని పంపారు.

అక్కడితో ఆగితే ఈ ఉత్తరం వచ్చేది కాదు. గుడిసెలు ఎలా ఉన్నాయో భర్త వచ్చి చెప్పాడు. మహిళా సంఘంలోని నలుగురైదుగురు కలిసి బియ్యం, పాత చీరలు, దుప్పట్లు పంపారు. ఎవరో వాట్సాప్ గ్రూప్ పెట్టారు. పద్నాలుగు నెలల్లో అందులో అరవై మంది చేరారు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడు పంపాడు, అమెరికాలో స్థిరపడిన ఆడపడుచు పంపింది, ముఖం తెలియనివాళ్లు కూడా ఫోన్‌పే చేశారు. అంతా ఈమె సొంత ఖాతాలోకే. ఇప్పటివరకు 2,14,000 రూపాయలు వచ్చాయి. 61,400 మిగిలాయి. మధ్యలో ఒకసారి, జూన్‌లో, బాబు బడి ఫీజుకు అందులోంచి 12,000 వాడుకుని ఆగస్టులో తిరిగి వేశారు. ఈ సంగతి భర్తకు కూడా తెలియదు.

పోయిన రంజాన్‌కు ముప్పై కుటుంబాలకు సరుకులు పంచారు. గ్రూపులోని ఒకాయన వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. అందులో పిల్లల ముఖాలు, గుడిసెల ముందున్న సందు, ఒకామె చేతిలోని శరణార్థి కార్డు అన్నీ కనిపించాయి. వారం తిరిగేసరికి అదే వీడియో ఎవరెవరి గ్రూపుల్లోనో, కింద బూతుల్లాంటి మాటలతో తిరిగింది. గుడిసెలున్న ప్లాటు యజమాని ఖాళీ చేయమన్నాడు. ఆ స్నేహితురాలు వాయిస్ మెసేజ్ ఒకటి పంపింది. ‘అక్కా, బియ్యం ఇచ్చారు, మా ఇల్లు కూడా చూపించారు.’ ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

ఇంకో రెండు చిక్కులు. గొడవకు ముందే ఆ స్నేహితురాలి భర్త, తన పిల్లలకు ఆధార్ తీయించడానికి వీళ్ల ఇంటి అడ్రస్ వాడుకోనిమ్మని అడిగాడు. ఈమె అవుననలేదు, కాదనలేదు. తన మరిదికి ఆమన్‌గల్ వైపు కోళ్ల ఫారం ఉంది, అక్కడ ఆ కుటుంబానికి పని, గది ఇప్పిస్తే బాగుంటుందేమోననీ అనుకున్నారు. ఇంట్లో భర్త ‘రేపు పోలీసులు వస్తే నువ్వు చెప్పుకుంటావా’ అంటున్నాడు. సంఘంలో ఒకామె ‘మన దగ్గర బీదవాళ్లు లేరా’ అని మొహం మీదే అడిగింది. గ్రూపులో ఇంకెవరో లెక్కలు చూపించమన్నారు. ‘మంచికి పోతే చెడు ఎదురైంది. అన్నీ వదిలేయాలా, ఎలా వదలాలి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు’ అని ముగించారు.

సమాధానం

చెల్లె,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీ మీద జాలి కలిగింది. రెండోసారి ఆ బాలాపూర్ అమ్మాయి వైపు నుంచి చదివాను. మీరు కూడా ఒకసారి అలా చదవాలి. పదకొండు పేజీల్లో ‘నన్ను అపార్థం చేసుకుంది’ అని మీరు నాలుగు చోట్ల రాశారు. నాకైతే ఆమె సరిగ్గానే అర్థం చేసుకుందనిపించింది.

కోపం తెచ్చుకోకండి, ఒక సంగతి చెప్తాను. మాది కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ వైపు. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లకు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనూ కర్నూలు జిల్లాలోనూ ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మా అమ్మమ్మవాళ్ల ఊరు అందులో ఒకటి. దర్వాజలు, దూలాలు పీక్కొని బండ్లకెత్తుకుని గట్టు మీదికొచ్చి రేకుల కింద ఉన్నారు. ఎవరో పట్నం నుంచి దుప్పట్లు తెచ్చి పంచి, వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. మా అమ్మమ్మ ఊళ్లో పదిమందికి మానికతో గింజలు కొలిచి అప్పిచ్చిన మనిషి. ఆ ఫొటోలో చెయ్యి చాపి నిలబడి ఉంది. ఆ దుప్పటి ఆమె చచ్చేదాకా కప్పుకోలేదు. దండెం మీద మడతపెట్టి ఉండేది, ఎవరైనా ముట్టుకుంటే తిట్టేది. మాకు అప్పట్లో అది ముసలితనపు మొండితనం అనిపించేది.

ఆ ఫొటోతో మా అమ్మమ్మ పోగొట్టుకున్నది పరువు ఒక్కటే. పేరు చెప్పుకోవడానికి భయం లేదు, ఎక్కడున్నదీ దాచుకునే అవసరం లేదు. మీ స్నేహితురాలికి ఆ భయం, ఆ అవసరం రెండూ ఉన్నాయి. బర్మాలో 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టం ఆమె జాతివాళ్లను ఆ దేశపు జాతుల లెక్కలోంచే తీసేసింది. రఖైన్ రాష్ట్రంలో 2012లో ఇండ్లు తగలబడ్డాయి. 2017 ఆగస్టు తర్వాత కొన్ని నెలల్లోనే ఏడు లక్షలమందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో పడ్డారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు ఒక సందులో, ఒకరి ప్లాటులో, కిరాయి కట్టి, గొడవ లేకుండా, ఎవరి కళ్లలో పడకుండా బతకడం నేర్చుకున్నారు. ఎవరి కళ్లలో పడకుండా ఉండడమే వాళ్లకున్న ఒకే ఒక గోడ. ఆ వీడియో దాన్ని పడగొట్టింది. తీసింది మీరు కాకపోవచ్చు. ఆ మనిషిని ఆ సందులోకి తీసుకుపోయింది మాత్రం మీరే.

కాబట్టి లెక్కలూ, పోలీసులూ, మరిదీ అందరికంటే ముందు ఈ పని. వీడియో తీసినాయనతో మీరే స్వయంగా మాట్లాడండి, గ్రూపులో కాదు. అసలు వీడియో తీసేయమనండి, పంపినవాళ్లందరికీ ఫోన్ చేసి తీసేయమని చెప్పమనండి. అంతా పోదు, నాకు తెలుసు. సగం పోయినా మేలే. బూతులు రాసినవాళ్లకు జవాబుగా ‘అసలు నిజం ఇదీ’ అని ఇంకో పోస్టు మాత్రం పెట్టకండి. ఆ జవాబును పట్టుకుని పాత వీడియో మళ్లీ ఒక రౌండు తిరుగుతుంది. ఇకమీదట ముఖాలు, కార్డులు, సందులు, బోర్డులు కనపడే బొమ్మ ఏదీ తీయకూడదని ఒక తీర్మానం రాసుకోండి. సంఘం పనిలో తీర్మానాల పుస్తకం మీకు కొత్త కాదు. సాయం చేసినవాళ్లు రుజువు అడుగుతారంటారా, కిరాణా బిల్లు ఫొటో చాలు. బియ్యం బస్తాకు ముఖం అక్కర్లేదు.

ఆమె దగ్గరికి పోవాలా వద్దా అని అడిగారు. పోవచ్చు, అయితే ముందు అడిగి పోవాలి. మీరూ ఒక చిన్న వాయిస్ మెసేజ్ పెట్టండి. ‘తప్పు మాది. వీడియో డిలీట్ చేయించాను. నువ్వు రమ్మంటే వస్తాను, వద్దంటే రాను’ అంతవరకే. ‘నేనెంత చేశానో నీకు తెలుసు కదా’ అన్న మాట నోట్లోకి వస్తుంది, దాన్ని మింగేయండి. ఆమె పలకకపోతే మళ్లీమళ్లీ చేయకండి. ప్లాటు ఖాళీ చేయాల్సి వచ్చి ఇల్లు వెతుక్కుంటున్న మనిషికి మన బాధను ఓదార్చే తీరిక ఉండదు.

ఇప్పుడు ఆధార్ సంగతి. మీ ఉత్తరంలో ఇది మూడు లైన్లే, కానీ అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. దీనికి కాదని చెప్పండి. వేరే విషయాల్లో మీ ఇష్టం అంటాను కానీ దీనిలో అనను. తప్పుడు వివరాలతో ఆధార్ తీయించడం నేరం, 2016 నాటి ఆధార్ చట్టంలో దానికి మూడేళ్ల వరకు జైలు ఉంది. మీకు వచ్చే కష్టం ఒక ఎత్తు. వాళ్లకు వచ్చేది ఇంకా పెద్దది. ఈరోజు ఆ కుటుంబం చేతిలో ఉన్న ఒకే ఆధారం ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు. దొంగ అడ్రస్‌తో ఆధార్ దొరికిన రోజున వాళ్లు శరణార్థులు కారు, మోసం కేసులో ముద్దాయిలు. పైగా ఆధార్ ఉన్నా పౌరసత్వం వచ్చినట్టు కాదు. బ్రోకర్లు ఈ ముక్క చెప్పరు. ఆ భర్తతో చెప్పేటప్పుడు మా ఆయన ఒప్పుకోలేదనో, మా అత్త వద్దన్నదనో సాకు చెప్పకండి. ‘ఇది మీ పిల్లల మెడకే చుట్టుకుంటుంది, అందుకే ఇవ్వను’ అని సూటిగా చెప్పండి. ఆయన బాధపడతాడు. పడనివ్వండి.

అయితే ఆధార్ ఎందుకు అడిగాడన్నది మీరు రాయలేదు, అడిగి ఉండరు కూడా. బడి కోసమే అయితే దానికి వేరే దారి ఉంది. రోహింగ్యా పిల్లలు నేరుగా ప్రభుత్వ బడికే వెళ్లి చేర్చుకోమని అడగాలని, చేర్చుకోకపోతే హైకోర్టుకు పోవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. హెడ్‌మాస్టర్ల దగ్గరికి పోయి కూర్చుని, ఈ సంగతి ఓపిగ్గా చెప్పి, పిల్లల్ని చేర్పించే మనిషి వాళ్లకు కావాలి. ఆ పనికి అడ్రస్ అక్కర్లేదు, తెలుగు మాట్లాడే నోరు కావాలి. అది మీకుంది. బియ్యం కంటే ఇది పెద్ద సాయమని నా లెక్క.

మరిది కోళ్ల ఫారం గురించి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగాను. ‘మొదట్లో వాళ్లను ముట్టుకోవద్దన్న మరిది, పని మాట ఎత్తగానే సగం కూలికైనా వస్తారులే అన్నాడు’ అని రాశారు. దాని పక్కన మీరేమీ వ్యాఖ్య రాయలేదు. పాలమూరు మనిషిగా నేను రాస్తాను. మన తాతలు, నాయనలు మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి డ్యామ్‌ల దగ్గర, బొంబాయి రోడ్ల మీద గుడారాల్లో బతికినవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసింది మనం మొనగాళ్లమని కాదు, తక్కువకు దొరుకుతామని, ఎదురు మాట్లాడమని, ఊరు కాని ఊళ్లో మన తరఫున అడిగేవాడు ఉండడని. ఇప్పుడు మీ మరిది ఆ మేస్త్రీ స్థానంలో నిలబడ్డాడు. పాపం ఆయనకు ఆ సంగతి తెలియదు.

కూలి సంగతి అలా ఉంచినా, విదేశీయులకు వసతి ఇచ్చినవాళ్లు అధికారులకు తెలియజేయాలన్నది చట్టం. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం దీన్ని ఇంకా బిగించింది. చెప్పకుండా ఫారంలో గది ఇస్తే మీ మరిది, మీరు, వాళ్లు అందరూ చిక్కుల్లో పడతారు. ఇంకోటి, బాలాపూర్‌లో వాళ్ల భాష మాట్లాడేవాళ్లు ఉన్నారు, రాత్రి జ్వరం వస్తే తలుపు తట్టడానికి నలుగురున్నారు. ఆమన్‌గల్ అవతల కోళ్ల మధ్యలో ఒంటరి గదిలో ఆమెకు ఎవరున్నారు? ఎక్కడుండాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. మీరు ఏర్పాటు చేసి పెట్టకండి.

మీ ఆయన భయం గురించి. ఆయన్ని ఉత్తరంలో కొంచెం విలన్‌లా చూపించారు. నాకు అలా అనిపించలేదు. ఆటో మీద బతికే మనిషి, స్టేషన్‌కు ఒకసారి పిలిస్తే రెండు రోజుల కిరాయి పోతుంది. భయపడే హక్కు ఆయనకుంది. మొదటి గౌను మోసుకుపోయింది కూడా ఆయనే కదా! ఆయనకు ఇలా చెప్పండి. ఆకలిగా ఉన్నవాళ్లకు బియ్యం, బట్టలు, మందులు ఇవ్వడం నేరమనే చట్టం మన దేశంలో లేదు. నేరమయ్యేవి వేరే ఉన్నాయి, దొంగ కాగితాలు, చెప్పకుండా ఇచ్చే వసతి, రూలు తప్పిన విదేశీ డబ్బు. ఈ మూడింటి దరిదాపుల్లోకి పోనని ఆయనకు మాటివ్వండి, నిలబడండి.

చట్టం పూర్తిగా మన వైపే ఉందని కూడా చెప్పకండి, అది నిజం కాదు. శరణార్థుల మీద 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టం లేదు. 1959 నుంచి టిబెట్‌వాళ్లు, 1983 నుంచి శ్రీలంక తమిళులు మన దగ్గర తలదాచుకున్నారంటే అది ప్రభుత్వాల నిర్ణయం వల్లే. 1996లో అరుణాచల్‌లోని చక్మాల కేసులో సుప్రీంకోర్టు, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడాల్సింది రాజ్యమేనని చెప్పింది. అదే కోర్టు 2021లో జమ్మూలోని రోహింగ్యాల కేసులో, పద్ధతి ప్రకారం వెనక్కి పంపడాన్ని ఆపలేమంది. రెండూ నిజాలే. ఆ కుటుంబం ఈ రెండు తీర్పుల మధ్య సందులో బతుకుతోంది. మీరు ఆ సందులోకి టార్చిలైటు వేసుకుని పోకూడదన్నదే నా గోల.

డబ్బు చిక్కు చూడడానికి పెద్దది, విప్పడం తేలిక. కాకపోతే సిగ్గు పడాల్సి వస్తుంది. ఆ 12,000 మాట మీరే బయటపెట్టండి. ముందు మీ ఆయనకు, తర్వాత సంఘంలో. ‘జూన్‌లో ఇంత వాడుకున్నాను, ఆగస్టులో ఇంత వేశాను, ఇదిగో పాస్‌బుక్’. నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత ఆపేస్తారు. మీరు చెప్పకుండా వాళ్లకే దొరికితే నాలుగేళ్లు మాట్లాడుకుంటారు, పైగా ఆ 12,000 లక్షా ఇరవై వేలు అవుతుంది. తిరిగి వేశాను కాబట్టి తప్పు లేదని మీరు రాశారు. వేశారు కాబట్టి దొంగతనం కాదు. అడక్కుండా తీశారు కాబట్టి తప్పే. సంఘంలో ఎవరైనా ఇలా చేస్తే మీరేమనేవారో మీకు తెలుసు.

సొంత ఖాతాలో పరాయి డబ్బు పెట్టుకోవడం ఇక ఆపండి. బంధువులు కానివాళ్లు ఇచ్చిన డబ్బు ఒక ఏడాదిలో 50,000 దాటితే అది ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. ఇది నాది కాదు, నా చేతి మీదుగా పోయింది అని మీరే రుజువు చేసుకోవాలి. ఇక అమెరికా ఆడపడుచు. ఆమె అక్కడి పౌరసత్వం తీసుకున్నదని రాశారు. విదేశీ పౌరులు ఇలాంటి సేవ పనికి పంపే డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, ఆ రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. దుబాయ్ తమ్ముడిది అలా కాదు. మన పాస్‌పోర్టు మీదే ఉన్నాడు కాబట్టి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఆడపడుచు పంపిన నలభై వేల సంగతి ఒక సీఏ దగ్గర కూర్చుని తేల్చుకోండి, ఇకమీదట పంపవద్దని ఆమెకు ఈరోజే చెప్పండి. సులువుగా ఉంటుందని మహిళా సంఘం ఖాతాలోకి మాత్రం మార్చకండి. పది మంది ఆడవాళ్ల బ్యాంకు లోన్లు దాని మీద ఆధారపడి ఉన్నాయి.

‘మన దగ్గర బీదవాళ్లు లేరా’ అన్నామెకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదని రాశారు. ఉన్నారు అని చెప్పండి, అంతే. ఏ ఇల్లో చూపించమనండి, మీ వాటాగా ఒక పాతిక కిలోలు పట్టుకుని ఆమెతోనే పొండి. చూపిస్తే ఒక ఇంటికి మేలు జరిగింది. చూపించకపోతే మళ్లీ అడగదు.

ఇక అసలు మాట. మీరు ఆసుపత్రిలో కలిసినప్పుడు ఇద్దరూ తల్లులు. మీరు లైన్‌లో ఉంటే ఆమె మీ బాబును చూసింది. ఇచ్చిపుచ్చుకోవడం అప్పుడు సమానంగా ఉంది. పద్నాలుగు నెలల్లో ఆమె మీ గ్రూపుకు ‘బాలాపూర్ కేసు’ అయింది. ఈ మాట నాది కాదు, మీ ఉత్తరంలో ఏడో పేజీలో ఉంది. ఒకే మనిషికి మీరు అటు స్నేహితురాలు, ఇటు సరుకులు పంచే పెద్ద. ఎవరికి ఎంత, ఎవరికి లేదు అని తేల్చే మనిషితో ఎవరైనా మనసు విప్పి కొట్లాడగలరా? వీడియో తీస్తున్నప్పుడే ఆమె వద్దనుకుని ఉండొచ్చు, మీతో అనలేకపోయి ఉండొచ్చు. ఇప్పుడు మీరు ఏం చేయాలన్నది, ఈ రెండిటిలో మీకు ఏది కావాలన్న దాని మీద ఉంది.

పంచే పని పూర్తిగా మానేయవచ్చు. గ్రూపుకు లెక్క చెప్పి, మిగిలిన 61,400 ఇచ్చినవాళ్ల అనుమతితో ఒక సంస్థకు అప్పగించి, గ్రూపు మూసేయడం. మీ ఆయనకు నిద్ర పడుతుంది, మీకూ పడుతుంది. ఆ ముప్పై కుటుంబాలకు వచ్చే నెల బియ్యం రావు, ఆ మాట వాళ్లకు ముందే చెప్పాలి, చెప్పకుండా మాయం కాకూడదు. ఆమెతో స్నేహం బతికే వీలు ఈ దారిలోనే ఎక్కువ.

లేదా పని ఆపకుండా, మీ చేతిలోంచి మాత్రం తీసేయవచ్చు. హైదరాబాద్‌లో శరణార్థుల సంస్థతో కలిసి ఏళ్ల తరబడి బాలాపూర్ ప్రాంతంలో పనిచేసిన కోవా లాంటి స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. ఎవరికి ఏం అవసరమో వాళ్లకు మనకంటే తెలుసు, కాగితాల సంగతీ తెలుసు. మీ గ్రూపులోనివాళ్లు ఆ సంస్థకు నేరుగా డబ్బు పంపి రసీదు తీసుకోవచ్చు. ఇందులో ఒక నష్టం ఉంది. మన చేతులతో ఇచ్చిన తృప్తి ఉండదు, గ్రూపులో సగంమంది జారిపోతారు. జారిపోనీ. ఆ తృప్తి కోసమే ఉన్నవాళ్లే వీడియోలు తీసేది.

మూడోది, పెద్దగా చేయాలనుంటే ఏడుగురు కలిసి సొసైటీ రిజిస్టర్ చేసుకోవడం. 2001 చట్టం కింద మన రాష్ట్రంలో ఏడుగురు సభ్యులుంటే చాలు. సంస్థ పేరున ఖాతా, ఇద్దరి సంతకాలు, ఏటా ఆడిట్. వినడానికి బాగుంటుంది. మిషన్ పని, ఇద్దరు పిల్లలు, వంట అన్నీ చూసుకుంటూ ఆడిట్ కాగితాల వెంట ఎవరు తిరుగుతారో ముందు తేల్చుకోండి. ఆ ఏడుగురిలో బాలాపూర్ వాళ్ల మాట వినిపించే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే మళ్లీ మనమే నిర్ణయించి మనమే ఫొటోలు దిగుతాం. నన్నడిగితే ఇప్పుడున్న పరిస్థితిలో రెండోది మేలు. ఏడాది తర్వాత ఓపిక ఉంటే మూడోది చూడొచ్చు. మీ ఇంటి సంగతి మీకు తెలుసు.

ఏది ఎంచుకున్నా, ప్లాటు ఖాళీ చేయమన్న సంగతి ఆగదు కాబట్టి ఒక నంబర్ రాసుకోండి: 15100. ఉచిత న్యాయ సహాయం కోసం న్యాయ సేవాధికార సంస్థ నడిపే నంబర్. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఇస్తారు. రాత్రికి రాత్రి గుడిసె పీకేస్తామంటే అడిగే మనిషి ఉంటాడు. ఇది ఆమెకు వాయిస్ మెసేజ్‌లోనే చెప్పేయండి, ఆమె పలికేదాకా ఆగకండి.

రమ్మంటే ఒక్కరే పొండి, లేదా మీ ఆయనతో పొండి. గ్రూపు నుంచి ఎవరినీ తీసుకుపోకండి. బియ్యం బస్తా వద్దు. చుట్టాలింటికి పోయినట్టు నాలుగు పండ్లు చాలు. ఆమె టీ పెడితే, ఖర్చవుతుంది వద్దనకుండా తాగండి. పాపకు కొత్త గౌను కుట్టి తీసుకుపోదామనుకుంటున్నానని చివరి పేజీలో రాశారు. ఇప్పుడే కత్తిరించకండి. పాపకు నాలుగో ఏడు వస్తోంది, ఆసుపత్రి నాటి కొలతలు పనికిరావు. టేపు సంచిలో వేసుకుని పొండి, ఆమె కుట్టమంటే అక్కడ కొలిచి తెచ్చుకోండి.